గీజర్ దీపం వెలుగుతున్నా నీళ్లు వేడెక్కడం లేదా? పాత గీజర్‌లో లోపాన్ని వరుసగా గుర్తించే విధానం

చలి మొదలైన తొలి వారాల్లో ఎలక్ట్రీషియన్లకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదుల్లో గీజర్‌కు సంబంధించినవి ముందుంటాయి. వేసవి అంతా వాడకుండా ఉంచిన పాత గీజర్‌ను ఒక ఉదయం ఆన్ చేస్తే దీపం వెలగదు. లేదా దీపం వెలుగుతుంది కానీ అరగంట గడిచినా కుళాయిలో చన్నీళ్లే వస్తాయి. ఇంకొన్ని ఇళ్లలో స్విచ్ వేయగానే మెయిన్ బోర్డులోని రక్షణ స్విచ్ పడిపోతుంది. ఈ మూడూ బయటికి ఒకే సమస్యలా కనిపించినా వాటి కారణాలు వేరు, వాటిలో దాగిన ప్రమాద స్థాయి కూడా వేరు.

గీజర్‌లో విద్యుత్తు, నీరు, వేడి, పీడనం ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి. అందువల్ల దాన్ని తయారుచేసేవారు ఒకదాని వెనుక ఒకటిగా రక్షణ పరికరాలను అమర్చుతారు. నీళ్లు వేడెక్కకపోవడానికి చాలాసార్లు కారణం ఆ రక్షణల్లో ఒకటి తన పని తాను చేయడమే. దాన్ని తప్పించి నేరుగా తీగ కలిపేస్తే నీళ్లు వేడెక్కుతాయి, ప్రమాదం మాత్రం అక్కడే మిగిలిపోతుంది. లోపాన్ని వెతకడంలో తొలి సూత్రం ఇదే: ముందు ఏ రక్షణ ఎందుకు ఆపిందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే మరమ్మతు గురించి ఆలోచించాలి.

ముందుగా తీసుకోవలసిన జాగ్రత్త

గీజర్ మూతను తెరిచే ముందు గోడ స్విచ్‌ను ఆపితే సరిపోదు. సాధారణ స్విచ్ ఒక్క తీగనే తెంచుతుంది. పాత ఇళ్లలో ఫేజ్, న్యూట్రల్ తీగలు తారుమారుగా కలిపి ఉంటే, స్విచ్ ఆపిన తర్వాత కూడా లోపలి ఎలిమెంట్‌లో విద్యుత్తు ఉంటుంది. కాబట్టి ప్లగ్‌ను పూర్తిగా బయటికి లాగాలి. ప్లగ్ లేకుండా నేరుగా తీగలు కలిపి ఉంటే మెయిన్ బోర్డులో సంబంధిత ఎంసీబీని ఆపాలి. తడి చేతులతో, తడి నేలపై నిలబడి ఏ పరీక్షా చేయకూడదు.

బయటి నుంచి చూసి చేయదగిన పరీక్షలు ఇంట్లోవారు చేసుకోవచ్చు. మూత విప్పి మీటరుతో చేసే పరీక్షలు మాత్రం అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలిపెట్టాలి. అయితే ఆ పరీక్షల్లో ఏం చూస్తారో తెలిస్తే, అవసరం లేని విడిభాగాన్ని మార్చారా, సరైన కారణాన్నే కనుగొన్నారా అన్నది వినియోగదారు అడిగి తెలుసుకోగలుగుతారు.

గీజర్ లోపల ఏముంటుంది?

గోడకు బిగించే నిల్వ గీజర్‌లో లోహపు ట్యాంకు, దాని చుట్టూ వేడిని బయటికి పోనివ్వని ఫోమ్ పొర, అడుగున ఎలిమెంట్ ఉంటాయి. ఎలిమెంట్ అంటే లోహపు గొట్టంలో ఉంచిన నిక్రోమ్ తీగ. తీగకు, గొట్టానికి మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి నింపుతారు. ఆ పొడి వేడిని బయటికి పంపుతుంది, విద్యుత్తును మాత్రం పంపదు.

నీరు నిర్ణీత వేడికి చేరగానే థర్మోస్టాట్ విద్యుత్తును ఆపుతుంది, చల్లబడ్డాక తిరిగి కలుపుతుంది. థర్మోస్టాట్ విఫలమై వేడి హద్దు దాటితే కటౌట్ సరఫరాను తెంచుతుంది. అదీ విఫలమై లోపల పీడనం పెరిగితే, చన్నీటి గొట్టం వద్ద ఉండే సేఫ్టీ వాల్వ్ దాన్ని బయటికి వదులుతుంది. ఈ మూడు అంచెలూ ఒకేసారి విఫలమైనప్పుడు ట్యాంకు పగిలే ప్రమాదం ఏర్పడుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో సేఫ్టీ వాల్వ్ స్థానంలో మరేదో బిగించడం ఎంత ప్రమాదమో, గీజర్‌లో కటౌట్‌ను తప్పించడం కూడా అంతే ప్రమాదం.

బయటి నుంచి లోపలికి: తొలి పరీక్ష సరఫరా

2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. 3 కిలోవాట్లదైతే 13 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంత విద్యుత్తు ప్రతిరోజూ ప్రవహించే చోట ప్లగ్ వదులుగా ఉంటే అక్కడే వేడి పుడుతుంది. అందుకే పాత గీజర్లలో లోపం చాలాసార్లు గీజర్‌లో కాక సాకెట్‌లో దొరుకుతుంది. ప్లగ్ తీసి దాని పిన్నులు నల్లబడ్డాయా, సాకెట్ ప్లాస్టిక్ కరిగిందా, కాలిన వాసన వస్తోందా అని చూడాలి. అలా ఉంటే 16 ఆంపియర్ల సాకెట్‌ను, ప్లగ్‌ను రెండింటినీ మార్చాలి. ఒక్కదాన్నే మారిస్తే కొత్తది కూడా త్వరలోనే కాలుతుంది. గీజర్‌ను 6 ఆంపియర్ల సాకెట్‌కు గానీ, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గానీ కలపకూడదు.

వోల్టేజీ తగ్గడం మరో కారణం. ఎలిమెంట్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గానికి అనుగుణంగా మారుతుంది. సరఫరా 230 నుంచి 180 వోల్టులకు పడిపోతే 2 కిలోవాట్ల ఎలిమెంట్ దాదాపు 1.2 కిలోవాట్ల శక్తినే ఇస్తుంది. 20 డిగ్రీల వద్ద ఉన్న 15 లీటర్ల నీటిని 55 డిగ్రీలకు తేవడానికి మామూలుగా పట్టే 18 నిమిషాలు అప్పుడు అరగంట అవుతాయి. ఉదయం 6 నుంచి 8 గంటల మధ్యే సమస్య వచ్చి, మధ్యాహ్నం నీళ్లు బాగా వేడెక్కుతుంటే గీజర్‌ను అనుమానించే ముందు వోల్టేజీని కొలిపించాలి.

దీపాలు చెప్పే సంగతి

చాలా మోడళ్లలో రెండు దీపాలు ఉంటాయి. ఒకటి సరఫరా వస్తోందని, రెండోది నీరు వేడెక్కుతోందని సూచిస్తాయి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు వీటిని గమనిస్తే లోపం ఏ వైపున ఉందో కొంత తెలుస్తుంది.

రెండు దీపాలూ వెలగకపోతే సరఫరా గీజర్‌కు చేరడం లేదని భావించాలి. సాకెట్, ఎంసీబీ, తీగలను పరీక్షించాలి. సరఫరా దీపం వెలిగి, వేడి దీపం వెలగకపోతే థర్మోస్టాట్ లేదా కటౌట్ మార్గాన్ని తెంచిందని అర్థం. రెండూ వెలుగుతున్నా అరగంట తర్వాత నీరు ఏమాత్రం వేడెక్కకపోతే, విద్యుత్తు ఎలిమెంట్ వరకూ వస్తోంది కానీ ఎలిమెంట్ లోపలి తీగ తెగిపోయి ఉండవచ్చు. ఒకే దీపం ఉన్న గీజర్లలో ఈ తేడా బయటికి తెలియదు. పైగా పాత దీపాలే కాలిపోయి ఉండే అవకాశమూ ఉంది కనుక, తుది నిర్ణయం మీటరు పరీక్షతోనే చేయాలి.

కటౌట్ పడిపోయి ఉంటే

కొన్ని గీజర్లలో కటౌట్‌కు చిన్న రీసెట్ బటన్ ఉంటుంది. మూత లోపల ఉండే ఆ బటన్‌ను సరఫరా పూర్తిగా ఆపి నొక్కితే గీజర్ తిరిగి పనిచేస్తుంది. ఒకసారి అలా జరిగి మళ్లీ సమస్య రాకపోతే ఆందోళన అవసరం లేదు. కానీ కొద్ది రోజులకే మళ్లీ పడిపోతే, థర్మోస్టాట్ సకాలంలో విద్యుత్తును ఆపడం లేదని గ్రహించాలి. దాని కాంటాక్టులు అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా ఉష్ణోగ్రతను గ్రహించే భాగంపై సున్నం పేరుకొని ఉండవచ్చు. ట్యాంకులో నీరు లేకుండా ఆన్ చేసినా కటౌట్ పడుతుంది.

ఈ దశలోనే కొందరు మెకానిక్‌లు కటౌట్‌ను తప్పించి రెండు తీగలను నేరుగా కలిపి వెళ్తారు. గీజర్ ఆ రోజుకు పనిచేస్తుంది. కానీ మూడు అంచెల రక్షణలో ఒక అంచె పోయింది, రెండో అంచె అప్పటికే బలహీనంగా ఉంది. మరమ్మతు ముగిశాక ‘కటౌట్ సరిగా కలిపి ఉందా, కొత్తది వేశారా’ అని అడగడం వినియోగదారు హక్కు. థర్మోస్టాట్, కటౌట్ రెండూ గీజర్ మొత్తం ధరతో పోలిస్తే చవకైన భాగాలే.

ఎలిమెంట్‌ను ఎలా పరీక్షిస్తారు?

సరఫరా తొలగించి, ఎలిమెంట్ కొసల నుంచి తీగలు విప్పి మల్టీమీటర్‌తో నిరోధాన్ని కొలుస్తారు. 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కు సుమారు 26 ఓమ్‌లు, 3 కిలోవాట్లదానికి సుమారు 18 ఓమ్‌లు చూపాలి. మీటరు ఏ మార్గమూ లేదని చూపితే తీగ తెగినట్లే. అప్పుడు ఎలిమెంట్‌ను మార్చడం తప్ప వేరే మార్గం లేదు.

రెండో కొలత మరింత ముఖ్యమైనది. ఎలిమెంట్ కొసకు, గీజర్ లోహపు శరీరానికి మధ్య ఎటువంటి విద్యుత్ మార్గమూ ఉండకూడదు. గొట్టం చిట్లి లోపలి పొడిలోకి తేమ చేరితే ఇక్కడ లీకేజీ కనిపిస్తుంది. సాధారణ మల్టీమీటర్ చిన్న బ్యాటరీ వోల్టేజీతో కొలుస్తుంది కనుక స్వల్ప లీకేజీని పట్టుకోలేకపోవచ్చు. అందుకే జాగ్రత్తగల ఎలక్ట్రీషియన్ ఎక్కువ వోల్టేజీతో పరీక్షించే మెగ్గర్‌ను వాడతారు. నీళ్లు బాగానే వేడెక్కుతున్న గీజర్‌లో కూడా ఈ లీకేజీ ఉండవచ్చు.

ఉప్పునీటి ప్రాంతాల్లో సున్నపు పొర

బోరు నీటిపై ఆధారపడే ప్రాంతాల్లో ఎలిమెంట్ త్వరగా పాడవడానికి ప్రధాన కారణం నీటి కాఠిన్యం. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే కాల్షియం కార్బొనేట్‌గా మారి ఎలిమెంట్‌పై తెల్లని పొరగా పేరుకుంటుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 సూచించిన కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తుంది. అంటే తాగడానికి అనుమతించిన నీరు కూడా గీజర్‌కు కఠినమైనదే కావచ్చు.

ఈ పొర వేడిని సులభంగా పోనివ్వదు. నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, ఎలిమెంట్ మాత్రం లోపల అతిగా వేడెక్కి చివరికి చిట్లుతుంది. గీజర్ నడుస్తున్నప్పుడు చిటపట శబ్దాలు రావడం, కుళాయిలో తెల్లని పొలుసులు కనిపించడం దీని గుర్తులు. ఎలిమెంట్‌ను బయటికి తీసి వెనిగర్‌లో గానీ, నిమ్మఉప్పు ద్రావణంలో గానీ నానబెడితే పొర బుడగలు వస్తూ కరుగుతుంది. బాత్రూమ్ శుభ్రతకు వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను ట్యాంకులో పోయడం మాత్రం తగదు. అది లోహాన్ని తినేస్తుంది, దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ స్థానంలో కొత్తది వేయించాలి.

అదే సమయంలో ట్యాంకులోని యానోడ్ రాడ్‌ను కూడా చూడాలి. మెగ్నీషియంతో చేసిన ఈ కడ్డీ ట్యాంకుకు బదులుగా తాను తుప్పుపట్టి కరిగిపోతుంది. అది పూర్తిగా కరిగిపోయాక తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది. ఎలిమెంట్‌ను మార్చి యానోడ్‌ను వదిలేయడం వల్లే చాలా ట్యాంకులు ముందుగానే కారడం మొదలవుతుంది.

గీజర్ వేడెక్కుతోంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగా వస్తున్నాయి

ఈ ఫిర్యాదుకు కారణం విద్యుత్తులో కాక గొట్టాల్లో ఉండవచ్చు. వేడి, చల్లని నీళ్లు ఒకే కుళాయిలో కలిసే మిక్సర్ లోపల వాషర్ అరిగితే, చన్నీళ్లు వేడి నీటి గొట్టంలోకి చేరతాయి. దీన్ని పరీక్షించడం సులభం. సరఫరా ఆపి, గీజర్‌లోకి వెళ్లే చన్నీటి కాక్‌ను మూసి, వేడినీటి కుళాయిని తెరవాలి. కొద్ది సేపట్లో నీరు ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే చన్నీళ్లు మరో దారిలో కలుస్తున్నాయని తేలినట్లే. అప్పుడు పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ను కాదు, ప్లంబర్‌ను. పరీక్ష ముగిశాక కాక్‌ను తెరిచి, కుళాయిలో నీటిధార నిలకడగా వచ్చిన తర్వాతే గీజర్‌ను ఆన్ చేయాలి.

నిలువు గీజర్ లోపల వేడినీటిని పైభాగం నుంచి తెచ్చే గొట్టం తుప్పుపట్టి కింది భాగంలో తూటు పడినా ఇదే లక్షణం కనిపిస్తుంది. పైన వేడినీరు ఉండగానే కింది చన్నీరు నేరుగా బయటికి వస్తుంది.

కొన్నిసార్లు అసలు లోపమే ఉండదు. వేసవిలో 28 డిగ్రీల వద్ద వచ్చే నీటిని 60 డిగ్రీలకు తేవడానికి 15 లీటర్ల గీజర్‌కు 17 నిమిషాలు చాలు. శీతాకాలంలో అదే నీరు 12 డిగ్రీల వద్ద వస్తే 25 నిమిషాలు పడుతుంది. పరిమాణమూ మారుతుంది. చన్నీరు 20 డిగ్రీల వద్ద ఉంటే ఒక ట్యాంకు వేడినీటితో స్నానానికి తగిన 40 డిగ్రీల నీరు 30 లీటర్లు వస్తుంది. చన్నీరు 10 డిగ్రీలకు పడిపోతే 25 లీటర్లే వస్తుంది. హైదరాబాద్‌లో సరిపోయిన గీజర్ బదిలీపై ఢిల్లీకి వెళ్లిన కుటుంబానికి జనవరిలో చాలకపోవడం గీజర్ తప్పు కాదు.

రక్షణ స్విచ్ పదేపదే పడిపోతుంటే

అన్ని లక్షణాల్లోనూ అతి తీవ్రంగా తీసుకోవలసింది ఇదే. మెయిన్ బోర్డులో రెండు రకాల రక్షణలు ఉంటాయి. ఎంసీబీ అధిక భారం లేదా షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు పడుతుంది. ఆర్‌సీసీబీ మాత్రం విద్యుత్తు తన దారి తప్పి భూమిలోకో, మనిషి శరీరంలోకో లీకవుతున్నప్పుడు పడుతుంది. ఇళ్లలో మనుషుల రక్షణకు వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే స్పందిస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ స్పందించాలంటే అంతకు 500 రెట్లకు పైగా విద్యుత్తు కావాలి. స్నానం చేస్తున్న మనిషి ప్రాణం తీయగల లీకేజీ ఎంసీబీకి తెలియనే తెలియదు.

గీజర్ ప్లగ్ తీసేశాక ఆర్‌సీసీబీ నిలబడి, ప్లగ్ పెట్టి స్విచ్ వేయగానే పడుతుంటే లోపం గీజర్‌లోనే ఉంది. మళ్లీ మళ్లీ పైకెత్తి ప్రయత్నించకూడదు. ఆర్‌సీసీబీని తొలగించి నేరుగా సరఫరా ఇవ్వడం ప్రాణాంతకం. పాత ఇళ్లలో మూడో పిన్నుకు ఎర్త్ తీగ కలిపి ఉందో లేదో, కలిపి ఉన్నా అది భూమి వరకు చేరుతోందో లేదో పరీక్షించిన సందర్భాలు తక్కువ. గీజర్ మరమ్మతుకు ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజే ఎర్తింగ్‌ను కూడా కొలిపించడం మంచిది. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ముందు దాన్ని అమర్చుకోవడం, స్నానానికి వెళ్లే ముందు గీజర్‌ను ఆపడం అలవాటుగా మారాలి. కుళాయిని తాకినప్పుడు చేతికి స్వల్పంగా జివ్వుమన్నా గీజర్‌ను ఆ క్షణం నుంచే వాడకూడదు.

సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే

నీరు 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కేటప్పుడు సుమారు ఒకటిన్నర శాతం వ్యాకోచిస్తుంది. 15 లీటర్ల ట్యాంకులో ఇది పావు లీటరుకు కాస్త తక్కువ. కాబట్టి వేడెక్కేటప్పుడు వాల్వ్ నుంచి కొద్దిగా నీరు కారడం సహజమే. అది చికాకు కలిగిస్తోందని వాల్వ్ మూతికి బిరడా పెట్టడం, ఎం-సీల్ పూయడం అత్యంత ప్రమాదకరం. గీజర్ ఆపి ఉన్నప్పుడు కూడా నిరంతరం కారుతుంటే సరఫరా పీడనం ఎక్కువగా ఉందని గానీ, వాల్వ్ పాడైందని గానీ భావించి దాన్ని మార్పించాలి.

గ్యాస్ గీజర్ విషయంలో

గ్యాస్ గీజర్ వెలగకపోవడానికి సాధారణ కారణాలు మంటను రాజేసే బ్యాటరీలు అయిపోవడం, సిలిండర్ ఖాళీ కావడం, నీటి పీడనం చాలకపోవడం. ఓవర్‌హెడ్ ట్యాంకు బాత్రూమ్‌కు కొద్ది ఎత్తులోనే ఉంటే నీటి ప్రవాహం మంటను మొదలుపెట్టేంత బలంగా ఉండదు. నీలి మంటకు బదులు పసుపు మంట వస్తుంటే, మసి పడుతుంటే వెంటనే ఆపాలి. అసంపూర్ణంగా మండే గ్యాస్ నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైన కొద్దిసేపటికే మనిషి స్పృహ కోల్పోవచ్చు. గాలి ఆడని బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్‌ను బిగించకూడదు.

మరమ్మతా, కొత్తదా?

థర్మోస్టాట్, కటౌట్, ఎలిమెంట్, గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్, యానోడ్ అన్నీ మార్చదగిన భాగాలే. ట్యాంకు గట్టిగా ఉన్నంతవరకు పాత గీజర్‌ను పారవేయాల్సిన అవసరం లేదు. ట్యాంకే తుప్పుపట్టి కారుతుంటే మాత్రం వెల్డింగ్, అతుకులు నమ్మదగినవి కావు. పీడనంలో ఉండే పాత్రకు అతుకు వేయడం కంటే దాన్ని మార్చడమే సురక్షితం. కొత్తది కొనేటప్పుడు నిల్వ గీజర్ల ప్రమాణమైన ఐఎస్ 2082 ప్రకారం ఐఎస్‌ఐ గుర్తు, బీఈఈ స్టార్ లేబుల్ రెండూ ఉన్నాయో లేదో చూడాలి. నిల్వ ఉన్న నీటి నుంచి రోజులో ఎంత వేడి వృథా అవుతుందో ఆధారంగా ఈ స్టార్లు ఇస్తారు. ఎక్కువ స్టార్లు ఉంటే వృథా తక్కువ.

మరమ్మతు పూర్తయిన రోజున మూడు విషయాలు సరిచూసుకోవాలి. నీరు నిర్ణీత వేడికి చేరగానే వేడి దీపం ఆరుతోందా, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కగానే పడుతోందా, సేఫ్టీ వాల్వ్ మూతి తెరిచే ఉందా. ఈ మూడింటికీ ‘అవును’ అనే సమాధానం వచ్చాకే గీజర్ బాగైనట్లు భావించాలి.